తాడు లాగేశాక

ఒడిశా జయపురంలో మా వీధిలో ఎవరికి చెప్పినా ఒకటే ప్రశ్న. "కొండ ఎక్కడానికి తాడంటే అర్థముంది. దిగడానికి తాడేటమ్మా, కాళ్ళున్నాయి కదా?" పక్కింటి పిన్నిగారైతే ఇంకో అడుగు ముందుకేసి, "ఏటీ, మీ అమ్మాయి దుడుమ జలపాతం దగ్గర దూకుతాదట?" అని మా అమ్మని అడిగారు. ఆ ఒక్క మాట సర్దిచెప్పడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది.

దూకడం కాదు. కొండ మీద పుట్టిన గెడ్డ, అంటే వాగు, పల్లానికి దిగే దారిలో ఒక్కోచోట బండని నిలువునా కోసుకుని, రెండు గోడల మధ్య సందులో పారుతుంది. పైనుంచి ఆ సందులో దిగి, నీళ్ళు ఎటు పోతే మనమూ అటే పోవాలి. అవి పారేచోట నడవడం, నిలిచేచోట ఈదడం, పడేచోట తాడు మీద దిగడం. కేన్యనింగ్ అంటారు. అమెరికాలో యూటా రాష్ట్రంలోని ఇసుకరాతి సందులు దీనికి పెట్టింది పేరు. మన దేశంలో ఎక్కువమంది విన్నది మహారాష్ట్రలో రతన్‌గడ్ కోట దగ్గరున్న సాంధన్ లోయ. అక్కడ రాయి బసాల్ట్, లావా గడ్డకట్టిన నల్లరాయి. వానలు వెళ్ళి నీరు తగ్గాకే జనం దిగుతారు. మా వైపు తూర్పు కనుమల రాయి చాలా పాతది, గట్టిది. తేలిగ్గా కోతకి లొంగదు. కానీ రాతిలో ముందే నెర్రె ఉంటే మాత్రం నీరు దాన్ని పట్టుకుని వదలదు. ఇసుకా గులకరాళ్ళూ సుడిలో తిరిగి తిరిగి బండలో గుండాలు తొలుస్తాయి.

కోరాపుట్ ఊరు సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, జయపురం 650 మీటర్ల చిల్లర. మధ్యలో ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి మనం బస్సులో మలుపులు తిరుగుతూ, కునుకు తీస్తూ దిగిపోతాం. గెడ్డలకి ఆ సౌకర్యం లేదు.

మేం దిగిన గెడ్డ పేరు, దారి ఇక్కడ రాయను. రాస్తే వచ్చే ఆదివారానికే ఎవరో నలుగురు నైలాన్ తాడు కొనుక్కుని, సెల్ఫీ స్టిక్ పట్టుకుని వెళ్తారు. ఆ పాపం నాకెందుకు.

మొత్తం ఆరుగురం. నడిపించినాయన విశాఖ నుంచి వచ్చారు, పర్వతారోహణ కోర్సులు చేసినవారు. మేమంతా సార్ అనే పిలిచాం. విజయనగరం నుంచి మా బావ, అతని స్నేహితుడు. జయపురం కుర్రాళ్ళు ఇద్దరు. నేను. దారి చూపించడానికి ఊళ్ళోంచి ఒక పెద్దాయన వచ్చాడు. మా కుర్రాళ్ళు మౌసా (ఒడియాలో బాబాయి) అంటే నేనూ మౌసా అనేశాను. ఆయన ఇక్కడి కొండ ఊళ్ళ దేశియా భాషలో చెప్పేది సార్‌కి అర్థం కాదు, సార్ చెప్పేది ఆయనకి అర్థం కాదు. మధ్యలో నేను. ఈ సరిహద్దు జిల్లాలో పుట్టినందుకు ఇలాంటి ఉద్యోగం ఎప్పుడూ ఉంటుంది.

దిగే ముందు ఊరి బయట పాత క్వారీలో ప్రాక్టీసు చేయించారు. నడుముకీ తొడలకీ పట్టీల హార్నెస్ కట్టుకోవడం, దిగే వేగాన్ని అదుపు చేసే, ఎనిమిది అంకె ఆకారపు లోహపు బిళ్ళ ఫిగర్ ఎయిట్‌లో తాడు ఎక్కించడం, వెనక్కి వాలి కాళ్ళు గోడకి తన్నిపెట్టి దిగడం. ఇవన్నీ ఎవరైనా గంటలో నేర్చుకుంటారు. సార్ పట్టు పట్టింది వేరే దాని మీద: తాడు మధ్యలో ఆగి, ఫిగర్ ఎయిట్‌ని లాక్ చేసి, రెండు చేతులూ వదిలెయ్యడం. మళ్ళీ లాక్ విప్పడం. అదే పని కళ్ళు మూసుకుని. అదే పని ఆయన పైనుంచి మొహం మీద బొక్కెనతో నీళ్ళు పోస్తుంటే. అప్పుడు నవ్వులాటగా ఉండేది. నా జడ చూసి మాత్రం ఆయన నవ్వలేదు. "ఇది ఎయిట్‌లో ఇరుక్కుంటే నిన్ను కిందికి దించలేం, పైకి లాగలేం, కత్తెర ఒక్కటే దారి" అన్నారు. ఆ రోజు నుంచి ముడి బిగించి, దాని మీద క్లాత్ క్యాప్, దాని మీద హెల్మెట్.

దిగే రోజు ఎప్పుడన్నది మా చేతిలో లేదు, బంగాళాఖాతం చేతిలో ఉంది. అక్టోబరు, నవంబరుల్లో ఏ అల్పపీడనం ఎప్పుడు పుడుతుందో తెలీదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. మన నెత్తిన ఆకాశం నీలంగా ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్కకాదు. గెడ్డ పుట్టే కొండ మీద గంట క్రితం వాన పడిందా అన్నది లెక్క. విశాలమైన చోట మోకాలి లోతు పెరిగే నీరు, రెండు మీటర్ల సందులో మనిషి ఎత్తు పెరుగుతుంది. సందులో ఉన్నవాడికి పక్కకి తప్పుకునే చోటుండదు. అందుకే సెలవు పెట్టుకుని, సామాను సర్దుకుని, తీరా అల్పపీడనం వార్త విని ఒకసారి వాయిదా వేశాం. బావ గొణిగాడు. సార్ ఫోన్ పెట్టేశారు.

చివరికి నవంబరు ఆఖర్లో కుదిరింది. తెల్లారకముందే మౌసా ఇంట్లో మాండియా పేజ్ (రాగి గంజి) తాగి, వరికోతలైపోయిన మళ్ళ గట్ల మీద నడిచి, ఆ తర్వాత పొదల్లోంచి కొండ చుట్టుకుని గెడ్డ దగ్గరికి చేరాం. చలి గట్టిగా ఉంది. మౌసా నీళ్ళలో చెయ్యి పెట్టి చూశాడు. ఒడ్డున బండ మీద ఎండిన బురద గీతని వేలితో చూపించి, "అమావాస్యకి ఇక్కడిదాకా వచ్చింది, ఇప్పుడు తగ్గుతోంది" అన్నాడు. సార్ ఫోన్లో వాతావరణం మళ్ళీ చూసుకున్నారు గానీ, మౌసా చూపించిన గీతని ఫోటో తీసుకున్నారు. ఆ రెండిట్లో దేన్ని ఎక్కువ నమ్మారో నేను అడగలేదు. మౌసా సందులోకి రాడు. కింద బయటపడే చోటికి చుట్టుదారిన వెళ్ళి కూర్చుంటాడు. పొద్దు వాలేలోగా మేం రాకపోతే ఊళ్ళోవాళ్ళని పిలవాలి. ఆ మాట ఇద్దరికీ రెండు భాషల్లో రెండుసార్లు చెప్పాను.

మొదటి దిగుడు పన్నెండు మీటర్లు. నీళ్ళు ఒక పక్క నుంచి పడుతున్నాయి, తాడు రెండో పక్క పొడిరాతి మీద వేలాడుతుంది. అంటే పెద్ద కష్టమేమీ లేదు. అసలు చూడాల్సింది పైన జరిగే పని. బండలో లోతుగా వేళ్ళు దిగిన చెట్టొకటి దొరికింది. దాని మొదలుకి టేప్ స్లింగ్, అంటే గట్టి నేత పట్టీ, చుట్టి, దానికి స్టీలు రింగు తగిలించి, తాడు అందులోంచి పోనిచ్చారు. తాడుని గట్టిగా ముడేసి బిగించెయ్యరు. ఇంకో ఫిగర్ ఎయిట్ మీద చుట్టి, విప్పడానికి వీలుగా ఆపుతారు. దిగేవాడు మధ్యలో ఇరుక్కుంటే, బట్ట చిక్కుకున్నా, ధార కింద ఊపిరాడకపోయినా, పైవాడు ఆ చుట్టు వదులుతూ మనిషిని తాడుతో సహా కిందికి దించెయ్యొచ్చు. పైకి లాగాలంటే నలుగురు కావాలి, దించాలంటే ఒక్కడు చాలు. జలపాతంలో ఇరుక్కున్నవాడికి టైము ఉండదు కాబట్టి ఈ ఏర్పాటు.

రెండోది తాడు పొడవు. మామూలు కొండ మీదైతే జారిపోకుండా తాడు చివర ముడి వేస్తారు. కింద మడుగు ఉన్నచోట ముడి వెయ్యరు. తాడు చివర సరిగ్గా నీటిని తాకేంత ఉండాలి. మనం దిగుతూ దిగుతూ నీళ్ళలోకి రాగానే తాడు దానంతట అదే ఎయిట్‌లోంచి జారిపోవాలి, మనం ఈదుకుంటూ పోవాలి. తాడు పొడుగైతే నురగలో కాళ్ళకి చుట్టుకుంటుంది. ఈదుతూ, ధార మొహాన కొడుతుంటే, ఎయిట్‌లోంచి మీటర్ల కొద్దీ తాడు లాగాలి. పొట్టిదైతే నీళ్ళకి పైన వేలాడతాం. పైనున్నవాడికి కింది మడుగు కనపడదు. మాటలు వినపడవు, జలపాతం హోరు మింగేస్తుంది. అందుకని విజిల్. మా లెక్క ఇది: ఒకటి ఊదితే ఆపు, రెండు ఊదితే పైకి లాగు, మూడు ఊదితే ఇంకా వదులు, నాలుగు ఊదితే నేను తాడు మీద లేను. బావ ముందు దిగాడు. మూడు విజిళ్ళు. కాసేపటికి ఒకటి. తర్వాత నాలుగు. నాలుగో విజిల్ వినేదాకా పైన ఎవరం నోరు మెదపలేదు.

అందరం దిగాక చివర సార్ దిగారు. ఇప్పుడు తాడు కిందికి రావాలి. ఒక కొస పట్టుకుని లాగితే రెండో కొస పైకెళ్ళి, రింగులోంచి దూరి, మన మీద పడుతుంది. చెయ్యడానికి అర నిమిషం పని. లాగే ముందు సార్ మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ అడిగారు. ఒంట్లో ఎలా ఉంది, చలి ఎంత, ముందుకెళ్దామా. తాడు వేలాడుతున్నంతసేపూ పైకెక్కి ఇంటికెళ్ళే దారి ఉంది. లాగేశాక లేదు. రెండు పక్కలా నున్నటి గోడలు, వెనక జలపాతం. ఇంక ఉన్నది ముందు దారే. ఎవరికి ఏ అనుమానమున్నా ఇప్పుడే చెప్పాలి, అరగంట తర్వాత ధైర్యం చెప్పడం తప్ప ఎవరూ ఏమీ చెయ్యలేరు. నన్ను అడిగినప్పుడు "వెళ్దాం సార్" అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది, కడుపులో మాత్రం పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం తిరగేసి పెట్టినప్పటి టెన్షన్. తాడు సర్రుమని రింగులోంచి జారి నీళ్ళలో పడింది.

అక్కణ్ణుంచి సందు ఇరుకైంది. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతున్నాయి. ఎండ పైనెక్కడో గోడ అంచు మీదే ఆగిపోయింది. కింద నీలి వెలుగు. నడుం లోతు, తర్వాత ఛాతీ, తర్వాత కాళ్ళకి అందలేదు. బ్యాగులో నీరు చొరబడని డ్రై బ్యాగ్ ఉంటుంది కాబట్టి అది తేలుతుంది. వెల్లకిలా దాని మీద పడుకుని కాళ్ళు కొట్టుకుంటూ పోవడమే. అలా పడుకుని పైకి చూస్తున్నప్పుడు కనపడింది: నాకు మూడు మనుషుల ఎత్తున ఒక దుంగ, రెండు గోడల మధ్య అడ్డంగా బిగుసుకుని ఉంది. బెరడు ఊడిపోయి తెల్లగా ఎముకలా ఉంది. దాని కొసన ఎండు గడ్డి, చిరిగిన పాలిథిన్ సంచి వేలాడుతున్నాయి. అక్కడ దాన్ని ఎవరూ పెట్టలేదు. వానాకాలంలో నీరు అంత ఎత్తున పారిందన్నమాట. అల్పపీడనం వార్తకి సార్ ఫోన్ ఎందుకు పెట్టేశారో బావకి అప్పుడు అర్థమైంది. నా వెనకాలే ఈదుతూ, "వాయిదా వెయ్యడం మంచిదే అయింది" అన్నాడు.

ఈత తర్వాత గుండం. గుండ్రంగా, గోడలు నున్నగా, ఎక్కడా పట్టు లేకుండా ఉంది. నీటి మట్టానికీ అవతలి అంచుకీ మధ్య చెయ్యెత్తు తేడా. నిండుగా నీళ్ళుంటే ఈది అంచు పట్టుకుని దాటెయ్యొచ్చు. నీరు తగ్గినప్పుడే ఇది ప్రమాదం, దిగినవాడు బయటికి రాలేడు. లోపల కాళ్ళు ఆనవు కాబట్టి ఎగరడానికి ఆధారమూ ఉండదు. నీళ్ళు ఎక్కువైతే భయమని ఎవరైనా ఒప్పుకుంటారు, తక్కువైనా భయమే అని చెబితే నమ్మరు. సార్ ముందు తడి ఇసుక నింపిన చిన్న సంచికి తాడు కట్టి అవతలికి విసిరారు. రెండుసార్లు జారి వెనక్కొచ్చింది. మూడోసారి అవతల రాళ్ళ మధ్య పడి బిగిసింది. అయినా దాని మీద బరువంతా వెయ్యలేదు. విజయనగరం కుర్రాడు అందరిలోకీ పొడుగు. అతను నీళ్ళలో దిగి గోడకి ఆనుకుని తేలుతూ ఉంటే, బావ అతని భుజం మీద మోకాలు పెట్టి, ఒక చేత్తో తాడు పట్టుకుని అంచు అందుకున్నాడు. పైకెక్కగానే బావ కూర్చుని కాళ్ళు రాతికి తన్నిపెట్టి తనే కొయ్యలా బిగుసుకున్నాడు, మేం తాడు పట్టుకుని ఎక్కాం. కింద తేలుతూ ఉన్న పొడుగబ్బాయి మా అందరి బరువుకీ మునిగి లేచి, నీళ్ళు ఉమ్మి, "ఒక్కొక్కరూ ఏం తింటున్నారండీ బాబూ" అన్నాడు. ఆ సందులో గట్టిగా నవ్వింది అప్పుడే.

ఆ గుండం దగ్గర చాలాసేపు పట్టింది. కేన్యనింగ్‌లో జలపాతం కంటే నిలబడి కాచుకోవడమే మనిషిని తినేస్తుంది. గాలితో పోలిస్తే నీళ్ళు ఒంట్లో వేడిని ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తాయి. ఒంటికి అతుక్కునే రబ్బరు లాంటి వెట్ సూట్ వేసుకుంటే ఒంటికీ సూటుకీ మధ్య పలచగా చిక్కుకున్న నీరు ఒంటి వేడికి వెచ్చబడుతుంది, అదే కాపాడుతుంది. సూటు వదులైతే కదిలినప్పుడల్లా చల్లనీళ్ళు కొత్తగా చొరబడతాయి. అద్దెకి తెచ్చిన సూట్లలో జయపురం చిన్న కుర్రాడికి దొరికింది అలాంటిదే. సన్నటి పిల్లాడు. ముందు పళ్ళు టకటకలాడాయి. అది పరవాలేదు, ఒళ్ళు వణుకుతున్నంతసేపూ పోరాడుతున్నట్టే. కాసేపటికి మాట్లాడడం మానేశాడు. సార్ దగ్గరికెళ్ళి "మీ నాన్నగారి ఫోన్ నంబరు చెప్పు" అన్నారు. నాలుగంకెలు చెప్పి ఆగిపోయాడు. వెంటనే ఒక ఇసుక మేట మీద కూర్చోబెట్టి, మెరిసే రేకు దుప్పటి చుట్టి, నోట్లో పల్లీ చిక్కీ పెట్టి, ఫ్లాస్కులో బెల్లం టీ పట్టించారు. నేనూ బావా అటూ ఇటూ ఆనుకుని కూర్చున్నాం. ఫోటోలు తీస్తున్న పొడుగబ్బాయి ఫోన్ లోపల పెట్టేశాడు. కొంతసేపటికి మళ్ళీ వణుకు మొదలైంది, మేమంతా సంతోషించాం. నంబరు పూర్తిగా చెప్పాడు. తర్వాతి దిగుడులో బావ వెనకే అతన్ని పంపించి, కాచుకునే పని లేకుండా చేశారు.

ఆఖరి దిగుడు పద్దెనిమిది మీటర్లు. ఇక్కడ పక్కదారి లేదు, తాడు ధారలోనే. కొండకి రెండు బోల్టులు ఉన్నాయి, సార్ వాళ్ళ బృందం ఇంతకుముందు కొట్టినవి. సార్ వాటిని ఊపి, కొట్టి, చప్పుడు విని తృప్తిపడ్డాకే తాడు ఎక్కించారు. నా వంతొచ్చింది. మొదటి ఆరు మీటర్లు బాగానే ఉంది. ఆ తర్వాత గోడ లోపలికి పోయింది, కాళ్ళకి ఆధారం పోయింది, నీళ్ళన్నీ హెల్మెట్ మీద. తల ఎత్తితే ఊపిరాడదు. గడ్డం ఛాతీకి ఆనిస్తే హెల్మెట్ అంచు కింద చారెడు గాలి దొరుకుతుంది, ఆ గాలిలోనే పీల్చుకోవాలి. కుడిచెయ్యి తుంటి దగ్గర తాడు వదిలీ వదలనట్టు పట్టుకుని ఉంది. తాడు కనపడదు, చేతికి తెలుస్తుందంతే. ఎవరో కొడుతున్నట్టు భుజాల మీద మోత. ఆగకూడదని అనిపించింది, ఆగలేదు. పాదాలు నురగలో మునిగాయి, నడుం మునిగింది, తాడు కొస చేతిలోంచి, ఎయిట్‌లోంచి జారిపోయింది. అంత సరిగ్గా కొలిచారు. ఇక్కడ నీళ్ళు ఎటు తోస్తే అటు కొట్టుకుపోకుండా ఎడమ గోడ వైపే ఈదాలని ముందే చెప్పారు. ధార వెనక్కి సుడి లాగుతుంది. నాలుగు బారలేసి గోడ పట్టుకుని నాలుగు విజిళ్ళు ఊదాను. ఊదిన శబ్దం నాకే వినపడలేదు. బావ కూడా ఊదాడు.

సార్ దిగాక తాడు లాగాం. సగం వచ్చి ఆగింది. పై కొస ఏదో నెర్రెలో పడింది. ఇలాంటప్పుడు కంగారుగా ముగ్గురూ కలిసి లాగితే ఇంకా బిగుస్తుంది. ఇరుక్కున్న తాడు పట్టుకుని ఎక్కడం అంతకంటే పెద్ద తప్పు. అది దేనికి పట్టుకుని ఉందో ఎవరికీ తెలీదు. మా దగ్గర ఇంకో ముప్ఫై మీటర్ల తాడు ఉంది, అవసరమైతే దీన్ని వదిలేసి వెళ్ళొచ్చు. ముందు దిశ మార్చి చూద్దామన్నారు సార్. మడుగు అవతలి గోడ నుంచి లాగితే కోణం మారుతుంది, కానీ ఆ చల్లనీళ్ళలోకి మళ్ళీ ఎవరో ఒకరు దిగాలి. బావ దిగాడు. తాడుకి అల లాంటి కుదుపు ఇచ్చి వదిలి, మళ్ళీ ఇచ్చి వదిలి, ఒకసారి గట్టిగా లాగేసరికి పైనుంచి చిన్న రాయితో సహా ఊడి వచ్చింది. రాయి మా దరిదాపుల్లో పడలేదు. గోడవారన నిలబెట్టి ఎందుకు ఉంచారా అని అప్పటిదాకా విసుక్కున్నాను.

ఇంకో రెండు మలుపుల తర్వాత గోడలు విడిపోయాయి, ఎండ కాళ్ళ మీద పడింది. మౌసా బండ మీద నిప్పు రాజేసుకుని బీడీ కాలుస్తున్నాడు. చిన్న కుర్రాణ్ణి ఎగాదిగా చూసి, తన దుప్పటి తీసి కప్పాడు. పొద్దు ఇంకా చాలానే ఉంది. ఊళ్ళోకి వెళ్ళి, వేడన్నంలో పప్పు పోసుకుని తిని, జయపురం జీపెక్కాం. దారంతా ఎవరూ మాట్లాడలేదు, అందరం నిద్రపోయాం.

తర్వాతి రోజు మా డాబా మీద తాడు కడిగాం. ఉట్టి నీళ్ళతోనే కడగాలి, సబ్బు పొడి తగలకూడదు, ఎండలో కాక నీడలో ఆరెయ్యాలి. పిన్నిగారు పిట్టగోడ మీంచి చూసి, "ఇంత పొడుగు తాడు మీద ఏటి దిగార్రా" అని మొదటిసారి మర్యాదగా అడిగారు. సార్ తాడుని అంగుళం అంగుళం వేళ్ళ మధ్య పోనిస్తూ వచ్చారు. ఒకచోట ఆగి నా చేతికిచ్చారు. పైకి చిన్న నూగు తప్ప ఏమీ కనపడదు. మడిచి చూస్తే అక్కడ మాత్రం తాడు మెత్తగా, కాగితంలా మడతపడింది. ఆఖరి దిగుడులో బండ అంచుకి ఒరుసుకున్న చోటది. ఆరుగురం అక్కడే వేలాడాం. మనిషి మనిషికీ కాస్త తాడు వదిలి, ఒరిపిడి ఒకేచోట పడకుండా చేశారు కాబట్టి ఆ మాత్రంతో పోయింది. సార్ అక్కడే కత్తితో కోసేశారు. అరవై మీటర్ల తాడు పదిహేను ఒకటి, నలభై నాలుగు ఒకటి అయింది. రెండిటి కొసలూ కొవ్వొత్తి మంటకి కాల్చి, సంచుల మీద కొత్త అంకెలు రాశాం. మధ్యలో తీసేసిన మీటరు ముక్క సార్ జేబులో పెట్టుకున్నారు, క్వారీకి కొత్తగా వచ్చేవాళ్ళకి చూపించడానికట.